గడియ లేని తలుపు

కొండలను గురించి ప్రసంగించడం మాకు అలవాటే గాని, కొండ ఎక్కడం అలవాటు లేదు. డెల్టాలో పుట్టి పెరిగినవారం. మా ఊళ్ళో ఎత్తైన చోటంటే కాలువగట్టు, ఆ తరువాత మందిరపు గంటస్తంభం. మోకాళ్ళ నొప్పి మొదలైన వయస్సులో, మా ఇంటావిడతో కలిసి, ఒక మంచు కొండల లోయగుండా పన్నెండు కిలోమీటర్లకు పైగా నడిచి, రాత్రి ఒక సత్రంలో తల దాచుకోవలసి వస్తుందని కలలోనైనా అనుకోలేదు.

మా బావమరిది స్విట్జర్లాండు దేశంలో లౌసాన్ పట్టణంలో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. "అక్కా, ఒక్కసారి వచ్చి పోండి" అని ఏళ్ళ తరబడి పిలిచి, చివరకు టిక్కెట్లు తానే పంపాడు. అక్కడికి చేరాక అద్దాల కొట్లు, గడియారాల కొట్లు చూపిస్తాడనుకున్నాము. నాలుగో రోజున, "బావా, మీరు నడవగలనంటే వెయ్యేళ్ళనాటి సత్రమొకటి చూపిస్తాను. కారులోనైనా వెళ్ళవచ్చు, కాని కారులో వెళ్ళినవాడికి అది అర్థం కాదు" అన్నాడు. మేము మోకాళ్ళ సంగతి ఎత్తేలోగా మా ఇంటావిడ, "మీ బావగారు నడుస్తారులే" అని మాట ఇచ్చేసింది.

ఆ సత్రం పేరు గ్రేట్ సెయింట్ బెర్నార్డ్. స్విట్జర్లాండుకు, ఇటలీకి మధ్య ఆల్ప్స్ కొండలలో ఆ పేరుగల కనుమ ఒకటి ఉంది. ఎత్తు 2469 మీటర్లు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఎంత ఎత్తైన కొండయినా 1700 మీటర్లు దాటదు. ఆ కనుమ నెత్తిన, చెట్టూ చేమా మొలవని చోట, అవోస్తా పట్టణపు మతాధికారి బెర్నార్డు అనే ఆయన సుమారు 1050లో బాటసారుల కోసం ఇల్లు కట్టించాడు. అప్పటినుండి అక్కడ అగస్టీను నియమం పాటించే కేథలిక్ సన్యాసులు ఉంటూ, వచ్చినవారికి అన్నం, పడక ఇస్తున్నారు. ఆ ఇంటి తలుపుకు తాళం వేయరని చెబుతారు. ఈ మాట మా బావమరిది బయలుదేరే ముందే చెప్పాడు. అప్పుడు మేము దానిని అంతగా పట్టించుకోలేదు.

మార్టిన్యి అనే ఊరినుండి చిన్న రైలెక్కి ఓర్సియేర్ వరకు, అక్కడినుండి బస్సులో బూర్ సాన్ ప్యేర్ అనే గ్రామం వరకు వెళ్ళాము. ఆ గ్రామమే సుమారు 1630 మీటర్ల ఎత్తున ఉంది. అంటే మన రాష్ట్రపు కొండల శిఖరాలంత ఎత్తులో బస్సు దిగి, అక్కడినుండి నడక మొదలుపెట్టామన్నమాట. సెప్టెంబరు నెల చివరి వారం. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

గ్రామంలో గుడి దగ్గర రోమనుల కాలపు మైలురాయి ఉంది. మనం అపొస్తలుల కార్యములలో చదివే ఆ రోమా సామ్రాజ్యపు బాటే ఇది. 1800 మే నెలలో నెపోలియన్ సుమారు నలభై వేల సైన్యంతో ఈ ఊరిమీదుగానే కనుమ దాటి ఇటలీలోకి దిగాడు. చెట్ల మానులను తొలిచి, వాటిలో ఫిరంగులను పెట్టి, మంచుమీద మనుషులచేత లాగించాడు. కొట్టిన చెట్లకు, తీసుకున్న సామానుకు, చేయించుకున్న కూలికి డబ్బు ఇస్తానని ఊరివారికి ఉత్తరం వ్రాసి ఇచ్చాడు. ఆ డబ్బు పూర్తిగా రాలేదు. ఊరివారు ఆ ఉత్తరాన్ని దాచిపెట్టి అడుగుతూనే ఉన్నారు. చివరకు 1984లో ఫ్రాన్సు అధ్యక్షుడు మిత్తెరాఁ ఒక పతకం ఇచ్చి ఆ లెక్క తీర్చాడు. అప్పు ఇచ్చి నూటఎనభై నాలుగేళ్ళు కాగితం పోగొట్టుకోని రైతులను చూసి మా ఇంటావిడకు ముచ్చట వేసింది. మా సంఘపు రసీదు పుస్తకాలు పదేళ్ళవైనా దొరకవు.

నడకదారి మొదట్లో పసుపుపచ్చని బాణపు పలకలు ఉన్నాయి. ఆ పలకలమీద ఎన్ని కిలోమీటర్లో వ్రాసి లేదు. ఎన్ని గంటలో వ్రాసి ఉంది. మా తాతగారి కాలంలో పొలం ఎంత దూరమంటే "ఒక చుట్ట కాల్చేటంత" అనేవారు. వీరిదీ అదే పద్ధతి, చుట్టకు బదులు గడియారం. పలక మీద నాలుగు గంటలకు పైగా ఉంది. మాకు ఆరు గంటలకు పైగా పట్టింది.

లోయ పొడుగునా ద్రాన్స్ అనే ఏరు రాళ్ళమీద మోత చేసుకుంటూ పారుతుంది. కొంతదూరం వెళ్ళాక ఏటికి అడ్డంగా పెద్ద ఆనకట్ట, దాని వెనుక తూల్ అనే జలాశయం. ఆ నీళ్ళమీద తెప్పలవలె తేలుతున్న పలకలు కనిపించాయి. ఎండనుండి కరెంటు తీసే పలకలట, 2019లో పెట్టారు. శీతకాలంలో చుట్టూ ఉన్న మంచుమీద పడి తిరిగివచ్చే వెలుగును కూడా అవి పట్టుకుంటాయని మా బావమరిది వివరించాడు. కొండ వాలున సిమెంటు గొట్టంలాగా కప్పువేసిన రోడ్డు ఒకటి వెళుతుంది. దానిలోనుండి లారీల హోరు వినబడుతుంది గాని లారీలు కనబడవు. ఆ రోడ్డు పైన సొరంగంలోకి పోతుంది. 1964లో తెరిచిన ఆ సొరంగం పొడవు సుమారు 5.8 కిలోమీటర్లు. అది వచ్చాక ఇటలీకి పోయేవాడు కనుమ ఎక్కవలసిన పని లేదు. పైనుండి వెళ్ళే పాత రోడ్డు వేసవి నెలల్లోనే తెరుస్తారు. దాదాపు అక్టోబరునుండి జూన్ వరకు మంచులో మూసుకుపోయి ఉంటుంది. ఆ నెలలలో సత్రానికి వెళ్ళాలంటే కాళ్ళకు మంచుబద్దలు కట్టుకొని వెళ్ళవలసిందే. అయినా సత్రం సంవత్సరం పొడుగునా తెరిచే ఉంటుంది.

ఈ పత్రిక చదివే రైతు కుటుంబాలకు పనికివచ్చే సంగతి ఒకటి చెప్పాలి. ఈ లోయలో ఆవులు పొట్టిగా, నల్లగా, గట్టి మెడలతో ఉంటాయి. ఎరాన్స్ జాతి అంటారు. పాలకంటె పౌరుషానికి పేరు. మందలో పెత్తనం ఎవరిదో తేల్చుకోవడానికి ఆవులే ఒకదానితో ఒకటి కొమ్ములు కలుపుతాయి. మన దగ్గర కోడిపందాలకు జనం మూగినట్టు, ఆ పోటీలకు జనం మూగుతారు. (పందాల విషయంలో మా అభిప్రాయం మా సంఘస్థులకు తెలుసు గనుక ఇక్కడ వ్రాయము.) వేసవి రాగానే ఊరి పశువులన్నిటిని పై బీళ్ళకు తోలుకుపోతారు. అవి మూడు నెలలకు పైగా అక్కడే మేస్తాయి. కాపరులు పాలు పిండి జున్నుగడ్డలు చేస్తారు. ఆలోగా క్రిందనున్నవారు గడ్డి కోసి, ఎండబెట్టి, చలికాలానికి కొట్టాలు నింపుకుంటారు. సెప్టెంబరులో మందలు తిరిగి దిగుతాయి. మేము వెళ్ళేసరికి పై బీళ్ళు ఖాళీ. పేడ ఎండిపోయి ఉంది, కంచెల తీగలు చుట్టి పెట్టారు. ఆవులు దిగిపోయిన కొండమీదికి మేము ఎక్కుతున్నామని మా ఇంటావిడ అప్పుడే అన్నది. ఆ మాట విని ఉండవలసింది.

మధ్యాహ్నం రెండు దాటాక ఇటలీ వైపునుండి మబ్బు దిగింది. మన వైపు మబ్బు పైన ఉండి వాన క్రింద కురుస్తుంది. అక్కడ మబ్బే వచ్చి మనిషి చుట్టూ నిలబడుతుంది. పది నిమిషాలలో ఎండ పోయింది. ముందు సన్నని చినుకులు, తరువాత ఆ చినుకులే తెల్లబడ్డాయి. జీవితంలో మొదటిసారి మంచు కురవడం చూసినందుకు మా ఇంటావిడ చేతులు చాచి నవ్వింది. అరగంట తరువాత ఆ నవ్వు లేదు. ఆమె కాళ్ళకున్నవి గుడ్డబూట్లు. అవి తడిసి బరువెక్కాయి.

సత్రానికి ముందున్న చివరి ఇరుకు లోయ పేరు కోంబ్ దె మోర్. మృతుల లోయ అని అర్థం. మా బావమరిది ఆ సంగతి ముందు చెప్పలేదు. పలకమీద పేరు చదివి, అర్థమేమిటని మేమే గుచ్చి అడిగితే చెప్పాడు. రెండు వైపుల వాలులనుండి మంచు విరిగి పడేది ఇక్కడే. శతాబ్దాల కాలంలో ఎందరో వర్తకులు, కూలీలు, సిపాయిలు, రోమాకు పోయే యాత్రికులు ఇక్కడ కప్పబడిపోయారు. చిన్నప్పుడు సండేస్కూలులో 23వ కీర్తన కంఠతా పెట్టి, పిన్నుల డబ్బా బహుమతిగా తెచ్చుకున్నవారం. అందులోని లోయకు బండలు ఉంటాయని, జారుడు ఉంటుందని, వ్రేళ్ళు కొంకర్లుపోతాయని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

బండలమీద తెలుపు, ఎరుపు రంగుల గీతలు దారి గుర్తులు. కొత్త మంచు వాటిని కప్పేసింది. ఒకచోట ముగ్గురం మూడు దిక్కులు చూపించాము. నిజం చెప్పాలంటే ప్రాణాపాయమేమీ లేదు. పాత మోటారు రోడ్డు పైన ఎక్కడో దగ్గరలోనే ఉంది. కాని ఆ రోడ్డు ఎటువైపు ఉన్నదో కనబడనప్పుడు దగ్గరలో ఉండి ఏమి లాభం? వెనుకకు పోదామన్నాము మేము. క్రిందికి మూడు గంటలు, దారిలో చీకటి పడుతుందన్నాడు బావమరిది. "అక్క చూడు ఎలా వణుకుతోందో" అని మేము, "బావా, అందుకే పైకి పోదామంటున్నా" అని అతడు. మాట పెరిగింది. ప్రార్థన చేయవలసిన చోట మేము బావమరిదిమీద కేకలు వేశామని ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆమె ఇద్దరినీ చూసి, ఏమీ అనకుండా, ఎత్తున్న వైపుకు నడవడం మొదలుపెట్టింది. పైకి పోతే రోడ్డన్నా తగలాలి, కనుమన్నా తగలాలి కదా అని తరువాత చెప్పింది. రోడ్డు తగిలింది. దాని అంచున పాతిన కర్రలు చూసుకుంటూ మరో ముప్పావు గంట నడిచాక, మబ్బులోనుండి ఒక పెద్ద గోడ, చిన్న చిన్న కిటికీల వరుస ఎదురుగా వచ్చాయి.

మెట్లెక్కి తలుపు తోశాము. తెరుచుకుంది.

లోపల ఒక యువతి మా తడిబట్టలు చూసి, ఏమీ అడగకుండా, బూట్లు విప్పే గది చూపించింది. తరువాత బల్లమీద పెద్ద పెద్ద గిన్నెలలో వేడి టీ పెట్టింది. పాలు లేని టీ, పంచదార బాగా ఉంది. రెండు చేతులతో పట్టుకొని త్రాగవలసినంత గిన్నె. కొండెక్కి వచ్చినవారికి మొదట టీ ఇవ్వడం అక్కడి ఆచారం. మా ఇంటావిడ ఆ గిన్నెను త్రాగకముందు చాలాసేపు బుగ్గకు ఆనించుకొని కూర్చున్నది.

మేము మాత్రం మనస్సులో ఒక సమాధానం సిద్ధం చేసుకుంటున్నాము. కేథలిక్ సన్యాసుల ఇల్లు. మేము ప్రొటెస్టెంటు పాదిరిగారం. ఎవరని అడిగితే ఎలా చెప్పాలి? ఆ కొండలలో ఈ తేడాకు చరిత్ర ఉంది. 1536లో జాన్ కాల్విన్ అవోస్తానుండి తరిమివేయబడి, ఈ దగ్గరలోనే మరొక కనుమ దాటి పారిపోయాడని అక్కడివారు చెప్పుకుంటారు. ఆ జ్ఞాపకానికి అవోస్తా పట్టణంలో ఒక సిలువ స్తంభం కూడా ఉంది. కాని మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఏ దేశమని కూడా టీ అయిన తరువాతనే అడిగారు. సిద్ధం చేసుకున్న సమాధానం అలాగే మిగిలిపోయింది. పడకకు, భోజనానికి ఇప్పుడు రేటు ఉంది, చెల్లించాము. పాతకాలంలో ఏమీ పుచ్చుకునేవారు కారట. ఇచ్చేవారు పెట్టెలో వేసి పోయేవారు.

రాత్రి సూపు, రొట్టె, జున్ను. ఇనుప మంచాల గదిలో మందపాటి కంబళ్ళు. ఏ జాములోనో మెలకువ వచ్చి చూస్తే ప్రక్క మంచం ఖాళీ. మేము మెట్లు దిగి క్రిందికి వెళ్ళాము. మా ఇంటావిడ ద్వారం దగ్గర, భుజాలమీద కంబళి కప్పుకొని నిలబడి ఉన్నది.

"గడియ వేశారా అని చూడ్డానికి వచ్చానండీ. అలవాటు కదా. ఇక్కడ గడియే వేయలేదు" అన్నది. కొంచెంసేపు ఆగి, "ఆ రాత్రి మన తలుపుకు రెండు గడియలు వేసి ఉన్నాయి" అన్నది.

ఈ సంగతి మా సంఘంలో ఇంతవరకు చెప్పలేదు. ఇక్కడ చెబుతున్నాము. కొన్ని సంవత్సరాల క్రితం, తుపాను వానలలో, రాత్రి పదిన్నర దాటాక పార్సనేజి తలుపు ఎవరో తట్టారు. అంతకు నెల క్రితమే మందిరంలో మైకుసెట్టు దొంగతనం జరిగింది. కిటికీ సందులోనుండి ఎవరని అడిగాము. బస్సు తప్పిపోయింది, భార్య, బిడ్డ ఉన్నారు, రాత్రికి వరండాలో పడుకుంటామన్నాడు. మనిషి ముఖం తెలియలేదు. వరండాకు ఇనుప కటకటాల తలుపు, దానికి తాళం. బస్‌షెల్టరు దగ్గరలోనే ఉంది, అక్కడ పడుకోండని చెప్పి కిటికీ మూశాము. తెల్లవారి మా ఇంటావిడ పాలకు వెళ్ళి చూస్తే, ఆ బస్‌షెల్టరులో ఒక మూల కప్పు కారని చోట ముగ్గురూ ముడుచుకొని ఉన్నారు. బిడ్డకు ఒళ్ళు కాలిపోతున్నది. ఆమె వారిని రిక్షాలో డాక్టరు దగ్గరకు తీసుకుపోయింది. బిడ్డ కోలుకున్నది. వారు ఏ ఊరివారో, ఏ మతంవారో, తరువాత ఏమయ్యారో తెలియదు. ఆ ఆదివారం మేము ప్రసంగించిన వాక్యభాగం మంచి సమరయుని ఉపమానం. ముందే నిర్ణయించినది, మార్చలేకపోయాము.

తలుపు దగ్గర ఆమెకు మేమేమి చెప్పగలం? "పద, చలి" అన్నాము.

ఉదయానికి మబ్బు విడిపోయింది. ఇంటి ముందున్న చెరువు నల్లగా, అంచులలో తెల్లగా ఉంది. సత్రంలోని మ్యూజియం తిరిగి చూశాము. బెర్నార్డుకంటె వెయ్యేళ్ళ ముందే ఈ కనుమమీద రోమనులు తమ జూపితరు దేవునికి గుడి కట్టుకున్నారు. క్షేమంగా వెళ్ళి క్షేమంగా తిరిగి రావాలని బాటసారులు మొక్కుకొని సమర్పించిన కంచు రేకులు అక్కడ త్రవ్వకాలలో దొరికాయి. చేతివ్రేలంత అక్షరాలతో సైనికుల పేర్లు, బానిసల పేర్లు. మనిషి భయం అప్పుడూ ఇదే.

ఈ సత్రం కుక్కలను గురించి పిల్లలకు తెలిసే ఉంటుంది. పెద్ద తలలతో, తెలుపు ఎరుపు మచ్చలతో ఉండే ఆ జాతి కుక్కలు సుమారు 1700 ప్రాంతంనుండి ఇక్కడ ఉన్నట్టు ఆధారాలున్నాయి. సన్యాసులు, సేవకులు చలికాలంలో దారి వెదుకుతూ దిగేటప్పుడు ఇవి ముందు నడిచి, మంచు క్రింద పడినవారిని వాసన పట్టేవి. 1800లో పుట్టిన బారి అనే కుక్క నలభైమందికి పైగా రక్షించిందని చెబుతారు. 1814లో చనిపోయిన దాని దేహాన్ని బెర్న్ నగరపు మ్యూజియంలో భద్రపరిచారు. మెడలో బ్రాందీ పీపా ఉండేదన్నది మాత్రం కథే. ఒక ఇంగ్లీషు చిత్రకారుడు బొమ్మలో అలా వేయడంవలన పుట్టిందంటారు. ఇప్పుడు ఆ పని హెలికాప్టర్లు చేస్తున్నాయి. కుక్కల పోషణను 2005లో మార్టిన్యిలోని ఒక ధర్మసంస్థ తీసుకున్నది. వేసవిలో కొన్నిటిని పైకి తెస్తారు. మేము చూసినవి చక్కగా గురకపెట్టి నిద్రపోతున్నాయి.

కుక్కలకు దొరకనివారి సంగతి కూడా ఉంది. నేల రాయిలా గడ్డకట్టి సమాధి త్రవ్వడానికి వీలుకాక, దొరికిన శవాలను సత్రం ప్రక్కనే ఒక గదిలో నిలబెట్టి ఉంచేవారు. ఎవరైనా వెదుక్కుంటూ వచ్చి గుర్తుపట్టాలని. ఇంగ్లీషు రచయిత డికెన్సు 1846లో ఇక్కడికి వచ్చి ఆ గదిని చూసి, తరువాత తన నవలలో వ్రాశాడు. 20వ శతాబ్దంలో దానిని మూసివేశారు.

మాకు అన్నిటికంటె ఆశ్చర్యం కలిగించినది వేరు. టిబెట్టు సరిహద్దున లాత్సా అనే కనుమమీద ఇటువంటి సత్రమే కట్టాలని ఇక్కడి సన్యాసులు 1933లో చైనాలోని యున్నాన్ కొండలకు ప్రయాణమై వెళ్ళారు. వారి తరువాత 1936లో వెళ్ళిన మోరీస్ తోర్నే అనే యువకుడు 1949లో అక్కడ చంపబడ్డాడు. లాత్సా సత్రం పూర్తి కాలేదు.

తిరుగు ప్రయాణంలో మేము లెక్కలు చెప్పడం మొదలుపెట్టాము. మనస్సులో ముల్లు ఉన్నవానికి లెక్కలు బాగా వస్తాయి. ఈ సత్రం వెనుక ఆస్తులున్నాయి. రాజులు, బిషప్పులు యూరపు అంతటా మాన్యాలు ఇచ్చారు. ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ 12వ శతాబ్దంలో హార్న్‌చర్చ్ అనే చోట భూములు, గుడి వ్రాసి ఇస్తే, రెండు వందల ఏళ్ళకు పైగా వాటి రాబడి ఈ కొండమీది పొయ్యికి వచ్చింది. ఇక్కడ పదిమంది పని చేసేవారున్నారు. ఒక పల్లెటూరి పార్సనేజికీ దీనికీ పోలికేమిటి?

మా ఇంటావిడ పొడి మేజోళ్ళలో, తమ్ముడిచ్చిన పెద్ద బూట్లలో జాగ్రత్తగా అడుగులు వేస్తూ అంతా విన్నది. "అన్నం పెట్టడానికి ఎకరాలు కావాలి లెండి. వరండా తాళం తీయడానికి ఎన్ని ఎకరాలు కావాలండీ?" అన్నది. మా బావమరిది ఏటివైపు చూస్తూ నడిచాడు.

మృతుల లోయ ఆ ఉదయం ఎండలో మెరిసిపోతున్నది. ముందురోజు మేము పోట్లాడిన బండ దగ్గర రంగు గీత ఇప్పుడు స్పష్టంగా కనబడింది. మేము నిలబడిన చోటికి నాలుగు అడుగుల దూరంలోనే ఉన్నది. ఇంకా క్రిందికి వచ్చాక ఇద్దరు కుర్రవాళ్ళు ఎదురయ్యారు. వీపులమీద పెద్ద సంచులు, మోకాళ్ళ దాకా తడి. ఆయాసపడుతూ ఇంకా ఎంత ఉందని ఏదో భాషలో అడిగారు. మా బావమరిది గడియారం చూపించి గంటన్నర అన్నాడు. వారి ముఖాలు వాడిపోయాయి. మా ఇంటావిడ వారి ముందుకు వెళ్ళి, రెండు చేతులూ గిన్నెలాగా పట్టి చూపించి, "టీ ఇస్తారు బాబూ, పోండి" అని తెలుగులోనే చెప్పింది.